వంగ ఆకుమచ్చకు కారణమైన శిలీంధ్రాన్ని గుర్తించడం ఎలా?

వంగతోటలో ఆకులపై మచ్చలు కనబడగానే ఆకుమచ్చ తెగులు అని పేరు పెట్టి, దుకాణంలో ఏ శిలీంధ్రనాశిని దొరికితే దాన్ని పిచికారీ చేయడం చాలాచోట్ల జరుగుతున్నదే. అయితే ఆకుమచ్చ అన్నది లక్షణానికి పేరే తప్ప దాన్ని కలిగించిన జీవికి పేరు కాదు. మన పొలాల్లో వంగ ఆకులపై మచ్చలు తెచ్చే శిలీంధ్రాలలో ముఖ్యమైనవి ఆల్టర్నేరియా, సెర్కోస్పోరా, ఫోమాప్సిస్ అనే మూడు ప్రజాతులకు (దగ్గరి జాతుల సమూహాలకు) చెందినవి. కొరినెస్పోరా, కొల్లెటోట్రైకం వంటివి అప్పుడప్పుడు తగులుతాయి. వీటిని విడివిడిగా గుర్తించడం పరీక్షలో మార్కుల కోసం మాత్రమే అవసరమయ్యే పని కాదు. కార్బెండజిమ్ వర్గపు మందులు సెర్కోస్పోరాను, ఫోమాప్సిస్‌ను అదుపు చేయగలవు గాని, ఆల్టర్నేరియాకు వాటిని తట్టుకునే గుణం స్వతహాగానే ఉంది; అందువల్ల ఆల్టర్నేరియా మచ్చలపై ఆ మందును ఎన్నిసార్లు కొట్టినా ఖర్చే తప్ప ఫలితం ఉండదు. ఫోమాప్సిస్ సంగతి మరొకటి. అది విత్తనంతో పాటు వచ్చి నారుమడిలో మొక్కను, తోటలో ఆకును, కొమ్మను, చివరకు కాయను కూడా పాడుచేస్తుంది కనుక, దాని విషయంలో జాగ్రత్త వచ్చే పంట విత్తనం దగ్గరే మొదలవ్వాలి.

కింద చెప్పిన దశలలో మొదటి కొన్నింటిని భూతద్దం ఉన్న రైతు ఎవరైనా చేయవచ్చు. తరువాతివాటికి మైక్రోస్కోపు, ఆపైన చిన్నపాటి ప్రయోగశాల కావాలి. అన్ని దశలలోనూ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకోండి: మచ్చ మీద దొరికిన ప్రతి శిలీంధ్రమూ ఆ మచ్చకు కారణం కాదు. చచ్చిన ఆకు కణజాలం మీదకు గాలిలో తిరిగే శిలీంధ్రాలు ఎన్నో వచ్చి చేరతాయి, వాటిలో కొన్ని అసలు కారకం కంటే వేగంగా పెరుగుతాయి. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ దాదాపుగా ఈ ఒక్క చిక్కును తప్పించుకోవడానికే.

ముందుగా అది శిలీంధ్రమేనా అని తేల్చుకోండి

వంగలో శిలీంధ్రం పని అని భ్రమపడేలా చేసే నష్టాలు చాలా ఉన్నాయి. అక్షింతల పురుగు పిల్లలు ఆకు పచ్చదనాన్ని గీకి తిని ఈనెల మధ్య పలుచని పొరను మాత్రమే వదిలేస్తాయి. ఆ పొర ఎండి గోధుమరంగుకు తిరిగాక దూరం నుంచి మచ్చలాగే కనిపిస్తుంది, కాని ఆకును తిప్పితే ముళ్లతో ఉన్న పసుపుపచ్చని పిల్లపురుగులు గానీ, గీకిన వరుసల గుర్తులు గానీ దొరుకుతాయి. పచ్చదోమ పీల్చిన ఆకులు అంచుల నుంచి పసుపుకు, ఆ తరువాత ఇటుక రంగుకు మారి పైకి ముడుచుకుంటాయి. ఎర్రనల్లి వల్ల ఆకుపై సన్నని తెల్లని చుక్కలు, ముదిరినప్పుడు అడుగుభాగాన సాలెగూడు వంటి దారాలు కనిపిస్తాయి. పొటాష్ లోపంలో ముదురాకుల అంచులు మాడతాయి, అదీ తోటంతటా ఇంచుమించు ఒకే తీరుగా. పక్క పొలంలో కొట్టిన కలుపుమందు గాలికి వచ్చి పడితే ఒకే వయసు ఆకులపై, ఒకే వైపున, ఒకే రోజున మచ్చలు వస్తాయి, ఆ తరువాత పుట్టిన ఆకులు శుభ్రంగా ఉంటాయి. శిలీంధ్రపు మచ్చల తీరు దీనికి భిన్నం: ఒకే ఆకుపై ఆవగింజంత మచ్చ, అర సెంటీమీటరు మచ్చ, పగుళ్లిచ్చిన పెద్ద మచ్చ కలిసి ఉంటాయి, నాలుగైదు రోజుల తరువాత చూస్తే వాటి సంఖ్య పెరిగి ఉంటుంది.

బాక్టీరియా అనుమానం మిగిలితే దాన్ని తీర్చుకోవడం తేలిక. మచ్చ అంచు మధ్యగా వచ్చేలా కొత్త బ్లేడుతో 3, 4 మిల్లీమీటర్ల ముక్కను కోసి, స్లైడు మీద నీటి చుక్కలో ఉంచి, కవర్‌స్లిప్ వేసి, 100 రెట్ల పెంపుతో రెండు మూడు నిమిషాలు గమనించండి. కోసిన అంచు నుంచి పలుచని మబ్బులాంటి ప్రవాహం నీటిలోకి వస్తుంటే అది బాక్టీరియా. పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఆకు ముక్కను కూడా ఇలాగే చూడండి. కోసిన కణాల నుంచి వచ్చే ఆకుపచ్చ రేణువులను చూసి బాక్టీరియా అనుకోవడం కొత్తవారికి సహజం, పోల్చి చూస్తే ఆ అనుమానం పోతుంది.

నమూనా తీసుకోవడం

ప్రయోగశాలకు వచ్చే నమూనాలలో చాలావరకు పూర్తిగా ఎండిపోయిన ఆకులే ఉంటాయి, ఎందుకంటే రైతు కంటికి బాగా దెబ్బతిన్న ఆకే గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది. నిజానికి పరీక్షకు అది అన్నిటికంటే పనికిరాని ఆకు. అందులో అసలు కారకం ఎప్పుడో వెనకబడి ఉంటుంది, దాని చోటును కుళ్లును తిని బతికే శిలీంధ్రాలు ఆక్రమించి ఉంటాయి. అందుకని వేరువేరు మొక్కల నుంచి పది పదిహేను ఆకులు తీసుకోండి. వాటిలో రెండు మూడు మిల్లీమీటర్ల లేత మచ్చలున్నవి, నడి వయసు మచ్చలున్నవి, ముదిరినవి కలిసి ఉండాలి. అదే తోటలో కొమ్మలు ఎండుతున్నా, కాయలు కుళ్లుతున్నా వాటిని కూడా విడిగా తీసుకోండి, ఫోమాప్సిస్ విషయంలో కాయ ఇచ్చే సాక్ష్యం ఆకు ఇచ్చేదానికంటే స్పష్టంగా ఉంటుంది.

ఆకులను ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టకండి. తేమ పట్టి, ఎండలో వేడెక్కి, సాయంత్రానికి కుళ్లిపోతాయి. మంచు తడి ఉంటే మెత్తని కాగితంతో అద్ది, పాత దినపత్రిక మడతల మధ్య పరచి, కాగితపు కవరులో పెట్టండి. వీలైనంతవరకు మరుసటి రోజుకే పరీక్ష మొదలుపెట్టాలి. కుదరకపోతే ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు రోజులు ఉంచవచ్చు. మందు కొట్టకముందే నమూనా తీయడం ఉత్తమం. అప్పటికే కొట్టి ఉంటే ఏ మందు, ఎప్పుడు అన్నది రాసిపెట్టండి, ఎందుకంటే మందు ప్రభావం వల్ల మచ్చపై సిద్ధబీజాలు (శిలీంధ్రం వ్యాపించడానికి వేసే సూక్ష్మమైన బీజాలు) దొరకకపోవచ్చు, దానిని బట్టి శిలీంధ్రమే లేదనుకోకూడదు. ఊరు, తేదీ, భాగ్యమతి, శ్యామల వంటి రకం పేరు, నాటి ఎన్ని రోజులైంది, విత్తనం సొంతమా కొన్నదా, ఈమధ్య వర్షం పడిందా, మచ్చలు కింది ఆకులలో మొదలయ్యాయా పైనా అన్న వివరాలు కవరు మీదే రాయండి. రెండు మూడు ఆకులను పత్రికల మధ్య బరువు పెట్టి ఆరబెట్టి దాచండి. తరువాత సందేహం వస్తే తిరిగి చూడటానికి అదే ఆధారం.

కంటితో, భూతద్దంతో వేసే అంచనా

పది రెట్లు పెంచే భూతద్దం దీనికి చాలు. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ముందు మొత్తంగా, తరువాత ఒక్కొక్క మచ్చను పై నుంచీ కింది నుంచీ చూడండి.

సెర్కోస్పోరా మచ్చ మొదట పసుపుపచ్చగా, గుండ్రంగా గానీ కొంత కోణాలతో గానీ ఉంటుంది. ముదిరేకొద్దీ నడుమ బూడిద గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ నడి భాగంలో శిలీంధ్రపు సిద్ధబీజాలు సన్నని నూగులా ఏర్పడతాయి. మచ్చలు ఎక్కువైతే ఆకులు పండి రాలిపోతాయి. ఆల్టర్నేరియా మచ్చ గోధుమరంగులో, చాలావరకు వంకర అంచుతో, 4 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. లోపల ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తాయి, ముదిరిన చోట పగుళ్లు వస్తాయి, పక్కపక్క మచ్చలు కలిసిపోయి ఆకులో పెద్ద భాగం మాడుతుంది. కాయ మీద కూడా లోతుగా దిగిన పెద్ద మచ్చలు వచ్చి, అటువంటి కాయలు పసుపుబారి ముందే రాలతాయి. ఫోమాప్సిస్ మచ్చ వీటికంటే పెద్దది, రెండున్నర సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. నడుమ లేత గోధుమ లేదా బూడిద రంగు, చుట్టూ ముదురు అంచు ఉంటాయి. ముదిరిన మచ్చ నడిభాగంలో సూదిమొన వంటి నల్లని చుక్కలు ఆకు పొరలో సగం దిగబడి ఉంటాయి. అవే పిక్నీడియాలు, అంటే సిద్ధబీజాలను లోపల దాచుకునే చిన్న గోళాలు. మెత్తబడి కుంగిన కాయ మచ్చ మీద ఇవే చుక్కలు తరచుగా వలయాలుగా అమరి ఉంటాయి.

ఇంతవరకు చూసినదానితో పేరు రాసేయాలనిపిస్తుంది. రాయకండి. వలయాలున్న ప్రతి మచ్చా ఆల్టర్నేరియా కాదు, కొరినెస్పోరా కూడా వలయాల మచ్చలే చేస్తుంది. లేత దశలో సెర్కోస్పోరా, ఆల్టర్నేరియా మచ్చలను కంటితో వేరు చేయడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. నల్లని చుక్కలు కనిపించినా అవి పిక్నీడియాలో, కొల్లెటోట్రైకం చేసే పళ్లెం వంటి నిర్మాణాలో భూతద్దంతో తేలకపోవచ్చు. ఇక్కడ వేసుకునే అంచనా, తరువాతి దశలో దేని కోసం వెతకాలో చెప్పడానికి మాత్రమే.

తేమ గది

మచ్చ మీద సిద్ధబీజాలు లేకపోతే వాటిని పుట్టించాలి. మూత ఉన్న గాజు పెట్రి డిష్ గానీ, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకుని, అడుగున రెండు మూడు పొరలు అద్దుడు కాగితం పరచి తడిపి, నీరు నిలవకుండా ఒంపేయండి. దానిపై అగ్గిపుల్లలు గానీ గాజు కడ్డీలు గానీ పెట్టి, ఆకు తడి కాగితానికి తగలకుండా వాటిపై ఉంచండి. ఆకును ముందుగా కుళాయి నీటితో మెల్లగా కడగడం మంచిది, పైన వాలిన దుమ్ము, పరాయి బీజాలు కొంత పోతాయి. 25 డిగ్రీల దగ్గర, పగటి వెలుతురు తగిలే చోట పెట్టి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూడండి. మూడో రోజు దాటాక కనిపించేవాటిని నమ్మకండి. అప్పటికి రైజోపస్, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు ఆకంతా అల్లుకుని ఉంటాయి. తేమ గదిలో ఏది ఎంత త్వరగా పుట్టింది, మచ్చ నడుమ పుట్టిందా అంచున పుట్టిందా, లేత మచ్చలలో ఎన్నింటిలో కనిపించింది అని రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఇరవై లేత మచ్చలలో పదిహేనింటి మీద ఒకే శిలీంధ్రం కనిపించడానికి, ఒక ముదురు మచ్చ మీద నాలుగు శిలీంధ్రాలు కనిపించడానికి మధ్య ఎంతో తేడా ఉంది.

మైక్రోస్కోపు కింద

స్లైడు తయారీకి రెండు దారులున్నాయి. మచ్చపై నూగులాంటి పెరుగుదల ఉంటే పారదర్శకమైన సెల్లోటేపు చిన్న ముక్కను దానిపై మెల్లగా అద్ది, స్లైడు మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణపు చుక్కపై అతికించండి. సిద్ధబీజాలు, వాటిని మోసే తంతువులు ఉన్న అమరికలోనే కనిపిస్తాయి. నల్లని చుక్కలుంటే టేపు పనికిరాదు, బ్లేడుతో మచ్చకు అడ్డంగా వీలైనంత పలుచగా కోతలు కోసి అదే ద్రావణంలో చూడాలి. సిద్ధబీజాల అసలు రంగు తెలియాలంటే మరో స్లైడును నీటిలోనే చేయండి. నీలి రంగులో ముంచినప్పుడు రంగులేని బీజం స్పష్టంగా కనిపిస్తుంది గాని, లేత గోధుమరంగు బీజానికీ రంగులేనిదానికీ తేడా చెరిగిపోతుంది, ఆ తేడాయే కొన్నిసార్లు గుర్తింపుకు కీలకం.

ఆల్టర్నేరియా సిద్ధబీజాన్ని ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం: గోధుమరంగులో, తలకిందులుగా పట్టిన గదలాగా ఉంటుంది, అడ్డుగోడలతో పాటు నిలువుగోడలు కూడా ఉంటాయి, కొన చివర ముక్కులా సాగి ఉంటుంది. ప్రజాతిని గుర్తించడం ఇంత తేలిక కాబట్టే పని అయిపోయిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు, ఎందుకంటే ఆల్టర్నేరియా ఆల్టర్నేటా అనే జాతి దాదాపు ప్రతి ఎండిన ఆకు మీదా దొరికే సర్వసాధారణమైన శిలీంధ్రం, అది కొన్నిచోట్ల తెగులు కారకం, ఎక్కువచోట్ల వెనక వచ్చి చేరినది మాత్రమే. దాని బీజాలు కొమ్మలు వేసే పొడవైన గొలుసులుగా పుడతాయి, పొట్టి ముక్కుతో 20 నుంచి 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుంటాయి. టమాటాలో ఎండుమచ్చ కలిగించేదిగా ప్రసిద్ధమైన ఆల్టర్నేరియా సొలాని బీజాలు మాత్రం ఒంటరిగా పుడతాయి, దేహమంత పొడవు లేదా అంతకంటే పొడవైన దారంలాంటి ముక్కుతో మొత్తం 150 నుంచి 300 మైక్రాన్ల వరకు ఉంటాయి. వంగ మీది ఆల్టర్నేరియాను 1960లో రంగస్వామి, సంబందం అనే శాస్త్రజ్ఞులు ఆల్టర్నేరియా మెలాంజెనె అనే విడి జాతిగా వర్ణించారు. కనుక మీ స్లైడులో గొలుసు ఉందా లేదా, ముక్కు పొడవెంత అన్న రెండింటిని తప్పక రాయండి; గొలుసు సంగతి స్లైడు చేసేటప్పుడు చెదిరిపోతుంది గనుక, తేమ గదిలోని ఆకును కదపకుండా తక్కువ పెంపులో పైనుంచి వెలుతురు వేసి కూడా చూడండి.

సెర్కోస్పోరా వర్గపు బీజాలు సన్నగా, పొడవుగా, అడ్డుగోడలు మాత్రమే కలిగి ఉంటాయి, నిలువుగోడలు ఉండవు. ఆకు రంధ్రాల నుంచి గుత్తులుగా బయటికి వచ్చిన గోధుమరంగు తంతువుల కొనలపై ఇవి పుడతాయి. అసలైన సెర్కోస్పోరాలో బీజం రంగులేకుండా సూదిలా ఉండి, అది తెగిన చోట నల్లగా మందంగా ఉన్న మచ్చ మిగులుతుంది. బీజానికి లేత ఆకుపచ్చ గోధుమ ఛాయ ఉండి, తెగిన చోట అలాంటి మందం లేకపోతే సూడోసెర్కోస్పోరా అవుతుంది. వంగ మీద పాత పుస్తకాలలో సెర్కోస్పోరాగా నమోదైన వాటిలో కొన్నింటిని తరువాత పారాసెర్కోస్పోరా, సూడోసెర్కోస్పోరా ప్రజాతులకు మార్చారు కాబట్టి, పేర్లు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కనిపిస్తే తికమకపడకండి. కొరినెస్పోరా బీజం కూడా పొడవైనదే, కాని మరింత లావుగా, 9 నుంచి 22 మైక్రాన్ల వెడల్పుతో ఉంటుంది, లోపలి గోడలు బయటి గోడను అంటకుండా ఉంటాయి, అడుగున నల్లని మచ్చ ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

ఫోమాప్సిస్ పిక్నీడియాన్ని నీటి చుక్కలో కాసేపు ఉంచితే నోటి నుంచి బీజాలు జిగురు తీగలా బయటికి వస్తాయి. వాటిలో రెండు రకాలు ఉండవచ్చు: ఆల్ఫా రకం ఒకే గదితో, రంగులేకుండా, 5 నుంచి 8 మైక్రాన్ల పొడవు, 2 నుంచి 3 మైక్రాన్ల వెడల్పుతో ఉండి, లోపల తరచుగా రెండు నూనె చుక్కలు మెరుస్తాయి, బీటా రకం దారంలా సన్నగా, కొన వంగి ఉంటుంది. రెండూ ఒకే పిక్నీడియంలో దొరికితే సందేహం దాదాపు తీరినట్టే. ఒక్క బీటా రకమే కనిపిస్తే సెప్టోరియా అని పొరపడే ప్రమాదం ఉంది. సెప్టోరియా దారాలకు అడ్డుగోడలుంటాయి, వీటికి ఉండవు. 2011 మెల్‌బోర్న్ సమావేశంలో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అన్న నియమం వచ్చిన తరువాత ఫోమాప్సిస్ వెక్సాన్స్‌ను డయాపోర్తె వెక్సాన్స్ అని రాస్తున్నారు, రెండూ ఒకటే. కొల్లెటోట్రైకం అయితే నిర్మాణం మూసిన గోళంలా కాక తెరిచిన పళ్లెంలా ఉంటుంది, తరచుగా నల్లని ముళ్లు నిలబడి ఉంటాయి, బీజాల ముద్ద లేత నారింజ గులాబీ రంగులో కనిపిస్తుంది.

కొలతలు లేని గుర్తింపుకు విలువ తక్కువ. ఐపీస్‌లోని స్కేలును స్టేజ్ మైక్రోమీటరుతో (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడుతో) సరిచూసుకుని, మైక్రోస్కోపులోని ప్రతి లెన్సుకూ విడిగా లెక్క కట్టి, కనీసం యాభై బీజాలను కొలవండి. మైక్రోస్కోపు అందుబాటులో లేనివారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపును వాడవచ్చు; 140 రెట్ల పెంపుతో ఆల్టర్నేరియా బీజాలను గుర్తుపట్టవచ్చు గాని, ఫోమాప్సిస్ ఆల్ఫా బీజాలకు అది చాలదు.

శిలీంధ్రాన్ని విడిగా పెంచడం

బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగార్ అనే పోషక మిశ్రమం ఇందుకు సరిపోతుంది: 200 గ్రాముల బంగాళాదుంప ముక్కలను ఉడికించి వడకట్టిన నీటిలో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగార్ కలిపి లీటరుకు సరిచేసి, 121 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి. ఆటోక్లేవ్ లేని చిన్న ప్రయోగశాలలు ప్రెషర్ కుక్కరుతో పని నడుపుకుంటాయి, తప్పేమీ లేదు. బాక్టీరియా పెరగకుండా, మిశ్రమం చల్లబడి పోయడానికి సిద్ధమయ్యాక స్ట్రెప్టోమైసిన్ కలుపుతారు.

అసలు నైపుణ్యం ముక్క కోయడంలో ఉంది. లేత మచ్చను ఎంచుకుని, పచ్చని భాగమూ మాడిన భాగమూ కలిసే అంచు నుంచి 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు కోయండి. కారకం చురుకుగా ముందుకు సాగుతున్న చోటు అదే, వెనక చేరిన శిలీంధ్రాలు ఇంకా అక్కడికి వచ్చి ఉండవు. ముక్కలను ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ముంచి, శుద్ధి చేసిన నీటిలో మూడుసార్లు కడిగి, శుద్ధమైన అద్దుడు కాగితంపై తడి ఆరనిచ్చి, ఒక్కో ప్లేటులో నాలుగైదు చొప్పున పెట్టండి. పాత ప్రయోగ పుస్తకాలలో దీనికి మెర్క్యురిక్ క్లోరైడ్ రాసి ఉంటుంది. అది తీవ్రమైన విషం, వాడవలసిన అవసరం ఇప్పుడు లేదు. వంగ ఆకు అడుగున నూగు దట్టంగా ఉంటుంది కాబట్టి గాలి బుడగలు చిక్కుకుని ద్రావణం సరిగా తగలదు. ముక్కను పట్టకారుతో ముంచి కదుపుతూ ఉండాలి.

ప్లేట్లను 25 డిగ్రీల దగ్గర ఉంచి రోజూ చూడండి. ఆల్టర్నేరియా రెండు మూడు రోజుల్లోనే బూడిద ఆకుపచ్చ నుంచి నలుపు వరకు రంగులో విస్తరిస్తుంది. సెర్కోస్పోరా చాలా నిదానంగా పెరుగుతుంది, పది రోజులైనా చిన్న గుండ్రని ముద్దగా మాత్రమే ఉండవచ్చు, సిద్ధబీజాలు కూడా సులువుగా ఇవ్వదు. ఫలితంగా ఒకే ముక్కలో రెండూ ఉంటే ప్లేటులో దొరికేది ఆల్టర్నేరియాయే, నివేదికలోకి ఎక్కేదీ అదే. తేమ గదిలో, స్లైడులో సెర్కోస్పోరాను చూసి ఉండి, ప్లేటులో ఆల్టర్నేరియా మాత్రమే వస్తే ప్లేటును నమ్మకండి. తేమ గదిలోని మచ్చ మీద నుంచి సన్నని శుద్ధమైన సూదితో సిద్ధబీజాలను నేరుగా ఎత్తి, రెండు శాతం నీటి అగార్ మీద పలుచగా పరచి, మరునాడు మొలకెత్తిన ఒంటరి బీజాన్ని మైక్రోస్కోపు కింద గుర్తుపెట్టి, దాని చుట్టూ అగార్‌ను కోసి కొత్త ప్లేటుకు మార్చండి. ఒకే బీజం నుంచి పెంచిన శుద్ధ కల్చరు తరువాతి దశలన్నిటికీ అవసరం. ఆల్టర్నేరియా సొలాని వంటివి ప్లేటులో బీజాలు వేయకపోతే పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి చొప్పున ఉంచితే తరచుగా వేస్తాయి.

ఫోమాప్సిస్ అని అనుమానం ఉన్నప్పుడు రైతు దగ్గర మిగిలిన విత్తనాన్ని కూడా పరీక్షించండి. మూడు పొరల తడి అద్దుడు కాగితంపై ప్లేటుకు 25 చొప్పున 400 విత్తనాలు పరచి, ఏడు రోజుల తరువాత విత్తనం మీద నల్లని పిక్నీడియాలున్నాయేమో చూడటమే ఈ పద్ధతి. విత్తనాన్ని 50 డిగ్రీల వేడినీటిలో 30 నిమిషాలు నానబెట్టి విత్తమనే సిఫారసు ఈ తెగులును దృష్టిలో ఉంచుకుని చేసినదే.

ఇదే కారణమని రుజువు చేయడం

రాబర్ట్ కాక్ 1884లో క్షయ వ్యాధిపై రాసిన వ్యాసంలో చూపిన తర్కం ఇప్పటికీ మొక్కల తెగుళ్లకు వర్తిస్తుంది: తెగులున్న మొక్కలో ఆ జీవి దొరకాలి, దాన్ని విడిగా పెంచగలగాలి, ఆరోగ్యమైన మొక్కకు ఎక్కిస్తే అదే తెగులు రావాలి, అక్కడి నుంచి అదే జీవి తిరిగి దొరకాలి. తోటలోని రకానికే చెందిన 30 నుంచి 45 రోజుల మొక్కలను కుండీల్లో పెంచి ఉంచుకోండి. కల్చరు నుంచి బీజాలను నీటిలో కలిపి, హీమోసైటోమీటరుతో (లెక్కించడానికి గళ్లు గీసిన స్లైడుతో) లెక్కించి మిల్లీలీటరుకు లక్ష వరకు ఉండేలా సరిచేసి, నూగు ఆకుకు అంటుకోవడానికి ట్వీన్ 20 అనే సబ్బులాంటి ద్రవం కొద్ది చుక్కలు వేసి, ఆకు రెండు వైపులా పిచికారీ చేయండి. అంతే సంఖ్యలో మొక్కలపై ట్వీన్ కలిపిన శుద్ధమైన నీటిని మాత్రమే కొట్టండి; ఈ పోలిక మొక్కలు లేని పరీక్ష లెక్కలోకి రాదు. అన్నింటినీ 24 నుంచి 48 గంటల పాటు ప్లాస్టిక్ సంచులతో కప్పి, ఎండ నేరుగా తగలని చోట ఉంచి, తరువాత సంచులు తీసేసి రెండు వారాలు గమనించండి.

ఆకుకు సూదితో గాయం చేసి బీజాలు పెట్టే పద్ధతిని తొందరపడి వాడకండి. గాయం దొరికితే ఆల్టర్నేరియా ఆల్టర్నేటా వంటి బలహీన కారకం కూడా మచ్చ చేస్తుంది, ఆ ఒక్క మచ్చను చూసి అదే కారణమని తేల్చడం సరికాదు. గాయం చేసినవి, చేయనివి రెండు గుంపులుగా పెట్టి పోల్చండి. వచ్చిన మచ్చ పొలంలోని మచ్చను పోలి ఉండాలి, దాని అంచు నుంచి మళ్లీ అదే శిలీంధ్రం, అవే కొలతలతో రావాలి.

డి.ఎన్.ఎ. ఎప్పుడు, ఎక్కడికి పంపాలి

ప్రజాతి వరకు మైక్రోస్కోపు చాలు. జాతి కచ్చితంగా కావాలంటే శుద్ధ కల్చరు నుంచి డి.ఎన్.ఎ. తీసి ఐ.టి.ఎస్. అనే భాగాన్ని చదివిస్తారు. దీనికి ఎక్కువగా వాడే ఐ.టి.ఎస్.1, ఐ.టి.ఎస్.4 ప్రైమర్లు (ఆ భాగం నకళ్లు తీయడానికి వాడే చిన్న డి.ఎన్.ఎ. ముక్కలు) 1990లో వెలువడిన వైట్ బృందపు వ్యాసంలోవి. జన్యు వరుసలను భద్రపరిచే జెన్‌బ్యాంకులో నూరు శాతం సరిపోలిందని వచ్చినా తొందరపడకండి: ఆల్టర్నేరియా, కొల్లెటోట్రైకం, డయాపోర్తె ప్రజాతులలో ఒకదానికొకటి దగ్గరి జాతులను ఐ.టి.ఎస్. ఒక్కటే వేరు చేయలేదు, ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫ్యాక్టర్, బీటా ట్యూబులిన్, ఆల్టర్నేరియా విషయంలో ఆల్ట్ ఎ1 వంటి ఇతర జన్యువులను కూడా చూడాలి. పైగా ఆ బ్యాంకులోని కొన్ని నమోదులకు పెట్టిన పేర్లే తప్పు.

తోట స్థాయిలో సలహా కావలసినవారు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏరువాక కేంద్రానికి గానీ నమూనా తీసుకువెళ్లవచ్చు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయపు తెగుళ్ల విభాగం రెండూ ఉన్నాయి. ఉద్యాన విశ్వవిద్యాలయాలు వెంకటరామన్నగూడెంలోనూ, సిద్దిపేట జిల్లా ములుగులోనూ ఉన్నాయి. జాతి స్థాయి గుర్తింపుకు ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన టైప్ కల్చర్ కలెక్షన్‌కు, పుణెలో ఆఘార్కర్ సంస్థ ఆధ్వర్యంలోని జాతీయ శిలీంధ్ర కల్చర్ కేంద్రానికి శుద్ధ కల్చర్లు పంపుతారు. పంపేటప్పుడు మీ అనుమానం ఏమిటో రాయడం కంటే, తేమ గదిలో ఏం చూశారు, ఎన్ని మచ్చలలో ఎన్నింటి మీద చూశారు, బీజాల కొలతలెంత, ఎక్కించిన మొక్కలలో మచ్చలు వచ్చాయా అన్నవి రాయండి. ఫలితం ప్రజాతి వరకే తేలితే నివేదికలో ప్రజాతి పేరే రాయాలి, జాతి పేరును ఊహించి కలపకూడదు. ఆరబెట్టిన ఆకుకు, స్లైడుకు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద దాచిన వాలు కల్చరుకు ఒకే సంఖ్య వేయండి, ఆ కల్చరును మూడు నాలుగు నెలలకు ఒకసారి కొత్త గొట్టానికి మార్చండి. పేరు మీద తరువాత ఎవరికైనా అభ్యంతరం వస్తే మూడింటినీ వారి ముందు పెట్టవచ్చు.